ప్రేగుల దారి మార్చినచో చక్కెర వ్యాధి తగ్గునా?

మధుమేహమును మన నల్లగొండ, పాలమూరు జిల్లాలలో జనులు 'షుగరు' అనియే వ్యవహరింతురు. ఒకప్పుడు ఇది పట్టణములలో కూర్చొని పనిచేయు సంపన్నుల వ్యాధి అని పేరు పడినది. నేడు ఆ మాట చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట జరిపించిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. అనగా పెద్దవారిలో నూటికి 11 మందికి మించియే ఉన్నారన్నమాట. దేవరకొండలోను, నారాయణపేటలోను మందుల దుకాణమునకు పోయి చూచినవారికి ఈ లెక్క వింతగా తోచదు.

ఇట్టి సమయమున ఒక మాట ఊరూర ప్రాకుచున్నది. "హైదరాబాదులో కడుపునకు ఆపరేషను చేసి బరువు తగ్గింతురట, దానితో షుగరు కూడ పోవునట" అని. ఈ మాటలో నిజమెంత? చక్కెర వ్యాధి క్లోమమునకు సంబంధించినదని చిన్నప్పటినుండి చదువుకొనుచున్నాము గదా, ప్రేగులను కోసినంత మాత్రమున అది ఏల తగ్గవలెను? ఎవరికి తగ్గును, ఎవరికి తగ్గదు? ఒక ఎకరము చెలక అమ్మియైనను ఈ చికిత్స చేయించుకొనవలెనని తలచు కుటుంబమునకు ఈ ప్రశ్నలు కేవలము శాస్త్ర కుతూహలము కావు. కనుక వీనిని ఒకటొకటిగా విచారింతము.

చెరువు, నీరటికాడు

మనము తిన్న అన్నము, రొట్టె ప్రేగులలో జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను కండరములు, కాలేయము, కొవ్వు కణములు తీసికొనుటకు ఇన్సులిన్ అను హార్మోను కావలెను. దీనిని తయారుచేయునది క్లోమము. మన చెరువుల క్రింది సేద్యముతో పోల్చి చూడుడు. రక్తము కాలువ, చక్కెర నీరు, కణములు మళ్ళు. ప్రతి మడికి మడవ తీసి నీరు పారించు నీరటికాడే ఇన్సులిన్.

పెద్దవారికి వచ్చు రెండవ రకము మధుమేహములో నీరటికాడు లేకపోడు. మడవలు పూడి నీరు లోనికి పోనీయవు. పొట్టలోను, కాలేయములోను కొవ్వు పేరుకొనుటయే ఇందుకు ముఖ్యకారణము. మడవలు పూడినకొలది ఎక్కువమంది నీరటికాండ్రను పంపవలసి వచ్చి, కొంతకాలమునకు క్లోమము అలసిపోవును. అప్పుడు కాలువ పొంగును. అనగా రక్తములో చక్కెర పెరుగును. చిన్నతనమున వచ్చు మొదటి రకము మధుమేహము వేరు. అందులో నీరటికాడే ఉండడు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను; ముందు దీనితో పని కలదు.

శస్త్రవైద్యులు చూచిన వింత

కడుపులో పుండ్లకై జీర్ణాశయమును కొంత కోసి తీసివేసిన రోగులలో మధుమేహము తగ్గినట్లు అమెరికాలో ఫ్రీడ్మన్ మొదలగు వైద్యులు 1955లోనే వ్రాసిరి. ఆనాడు దానిని ఎవరును అంతగా పట్టించుకొనలేదు. 1966లో అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ మేసన్ మిక్కిలి స్థూలకాయులకు బరువు తగ్గించుటకై జీర్ణాశయమును చిన్నది చేసి, ఆహారమును ప్రక్కదారిని పంపు శస్త్రచికిత్సను ప్రవేశపెట్టెను. దీనినే బైపాస్ అందురు.

ఈ పద్ధతిని అనుసరించినవారిలో ఉత్తర కెరోలినా రాష్ట్రమునకు చెందిన వాల్టర్ పోరీస్ ఒకడు. ఆయన బృందము 14 సంవత్సరములలో 608 మందికి ఈ చికిత్స చేసి, 1995లో ఫలితములను ప్రకటించినది. వారిలో మధుమేహమున్నవారు 146 మంది. చికిత్స తరువాత 121 మందికి రక్తములోని చక్కెర సహజస్థితికి వచ్చి నిలిచినది. అంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి మరియొకటి కలదు. అనేకులకు బరువు తగ్గుటకు ముందే, శస్త్రచికిత్స జరిగిన కొలది దినములలోనే చక్కెర దిగినది! బరువు తగ్గినందువలన వ్యాధి తగ్గినదనుటకు వీలులేకపోయినది. మరి కారణమేమి?

ఏమి చేయుదురు?

నేడు ప్రపంచములో ఎక్కువగా జరుగు పద్ధతులు రెండు. మొదటిది 'స్లీవ్'. చొక్కాచేతివలె జీర్ణాశయమును సన్నని గొట్టముగా మిగిల్చి, నాలుగింట మూడు వంతుల భాగమును కోసి తీసివేయుదురు. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయపు పైభాగమున చిన్న సంచిని మాత్రమే వేరుచేయుదురు. అందులో సుమారు 30 మిల్లీలీటర్లు, అనగా రెండు పెద్ద చెంచాల పదార్థము మాత్రమే పట్టును. చిన్నప్రేగును కొంత దూరమున తెగగోసి, దాని క్రింది కొనను ఈ సంచికి కుట్టుదురు. అందువలన అన్నము మిగిలిన జీర్ణాశయమును గాని, చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలమును గాని తాకకుండ నేరుగా క్రిందికి పోవును. పైత్యరసము, క్లోమరసము మాత్రము పాతదారినే వచ్చి, క్రింద అన్నముతో కలియును. ఈ రెండు పద్ధతులను ఇప్పుడు పొట్టపై చిన్న రంధ్రములు చేసి, వాని ద్వారా కెమెరాను, పరికరములను పంపి చేయుచున్నారు.

ప్రేగులు పంపు వార్తలు

ప్రేగులు కేవలము అన్నము పోవు గొట్టములు కావు. గ్లూకోజును నరములోనికి ఎక్కించినపుడు కంటె నోట త్రాగించినపుడు ఇన్సులిన్ ఎక్కువగా ఊరునని 1964లో రుజువైనది. అనగా నీరు రాకముందే ఎవరో పోయి నీరటికానికి కబురు చెప్పుచున్నారు. ఆ కబురు చెప్పువారు ప్రేగులలో పుట్టు హార్మోనులు. వానిలో ముఖ్యమైనది జి.ఎల్.పి.-1. ఇది చిన్నప్రేగు చివరి భాగమున ఎక్కువగా పుట్టును. ఇన్సులిన్‌ను పెంచును, ఆకలిని తగ్గించును.

బైపాస్ తరువాత అన్నము ఈ చివరి భాగమును త్వరగా చేరును. స్లీవ్‌లో కూడ సన్నని జీర్ణాశయమునుండి అన్నము వేగముగా క్రిందికి దిగును. అందుచేత జి.ఎల్.పి.-1 మునుపటికంటె ఎన్నోరెట్లు ఊరును. ఇది ఒక కారణము. ఆంత్రమూలమును అన్నము తాకకపోవుట రెండవ కారణమని కొందరి మతము. ఫ్రాన్సిస్కో రుబినో అను వైద్యుడు 2004లో, స్థూలము కాని మధుమేహపు ఎలుకలలో ఆంత్రమూలమును తప్పించి ఆహారము పంపగా చక్కెర తగ్గినది. 2006లో ఆ దారిని మరల తెరచి చూడగా చక్కెర మరల చెడినది. ఇక మూడవ కారణము మిక్కిలి సామాన్యమైనది. శస్త్రచికిత్స జరిగిన మొదటి వారములలో రోగి తిను ఆహారము బహు స్వల్పము. ఆ ఉపవాసమువలన ముందుగా కరగునది కాలేయములోని కొవ్వు. అది కరగగానే పూడిన మడవలు కొంత తెరచుకొనును. స్లీవ్‌లో కోసివేయు భాగమే గ్రెలిన్ అను ఆకలి హార్మోను ఎక్కువగా పుట్టుచోటు. ఈ హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది తగ్గుటచే ఆకలి కూడ తగ్గును. నెలలు గడచినకొలది బరువు తగ్గి, ఈ లాభములు స్థిరపడును.

చిన్నప్రేగు చివరి భాగమును పైకి తెచ్చి మధ్యలో అతుకు పద్ధతి ఒకటి బ్రెజిల్ దేశమున పుట్టినది. హైదరాబాదులో శస్త్రవైద్యుడు సురేంద్ర ఉగాలే దానిని మధుమేహ రోగులలో ప్రయోగించి ఫలితములను ప్రకటించెను. ప్రేగు చివరిభాగపు శక్తిని తెలిసికొనుటకు అట్టి ప్రయత్నములు తోడ్పడినవి. కాని 2016లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శక సూత్రములు సామాన్య చికిత్సలుగా లెక్కించిన వానిలో అది లేదు.

పోవునా, విరామమిచ్చునా?

'షుగరు పోవును' అను మాట సరికాదు. వైద్యులు దీనిని 'ఉపశమనము' అందురు. మందులు మానిన పిమ్మట కనీసము మూడు నెలలపాటు హెచ్.బి.ఎ.1సి. పరీక్షలో 6.5 శాతమునకు లోబడి ఉండుటయే ఉపశమనమని 2021లో నిపుణులు నిర్ణయించిరి. ఉపశమనము వ్యాధికి విరామము. వ్యాధికి ముగింపు కాదు.

స్వీడను దేశములో స్థూలకాయులను దీర్ఘకాలము వెంబడించి చూచిన పరిశోధన ఒకటి కలదు. శస్త్రచికిత్స పొందిన మధుమేహ రోగులలో రెండు సంవత్సరములకు నూటికి 72 మందికి ఉపశమనము కలిగినది. పది సంవత్సరములకు ఆ సంఖ్య 36కు దిగినది. అనగా సగము మందికి వ్యాధి తిరిగివచ్చినది. వీరిలో అధికులకు జరిగినవి ఇప్పుడు వాడుకలో లేని పాత పద్ధతులు అను సంగతి నిజమే. అయినను కొత్త పద్ధతులతో అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరమున జరిపిన పరిశోధన కూడ అత్యాశకు తావీయలేదు. అయిదు సంవత్సరముల పిమ్మట హెచ్.బి.ఎ.1సి. 6 శాతము గాని అంతకు తక్కువ గాని ఉన్నవారు బైపాస్ పొందినవారిలో నూటికి 29, స్లీవ్ పొందినవారిలో 23. మందులతో మాత్రమే చికిత్స పొందినవారిలో 5.

ఈ అంకెలను రెండు విధములుగా చదువవలెను. అధికులకు వ్యాధి పూర్తిగా తొలగలేదు, ఇది నిజము. మందులకంటె శస్త్రచికిత్స చాల మేలు చేసినది, ఇదియు నిజమే. వ్యాధి తిరిగివచ్చినవారికి సైతము చక్కెర మంచి అదుపులో గడచిన సంవత్సరములు వృథా పోవు. కన్ను, మూత్రపిండము, నరములు ఆ మేరకు రక్షణ పొందును.

ఎవరికి తగును?

బరువును కిలోగ్రాములలో తీసికొని, ఎత్తును మీటర్లలో వేసి దానిని రెండుమార్లు భాగించిన వచ్చు సంఖ్యను బి.ఎం.ఐ. అందురు. మనదేశీయులలో తక్కువ బరువుననే పొట్టకొవ్వు, మధుమేహము వచ్చుచున్నవి. కావున ఆసియా వాసులకు హద్దులను తగ్గించిరి. 2016 నాటి సూత్రముల ప్రకారము, మధుమేహముండి బి.ఎం.ఐ. 37.5 దాటినవారికి శస్త్రచికిత్స తగును. మందులతో చక్కెర లొంగనిచో 32.5 దాటినవారికిని తగును. 27.5 నుండి 32.5 లోపువారి విషయము, మందులు విఫలమైనపుడు మాత్రమే ఆలోచింపవచ్చును. అయిదడుగుల అయిదంగుళముల మనిషికి ఈ హద్దులు వరుసగా సుమారు 102, 88, 75 కిలోలు.

మన మెట్టపొలములలో పనిచేయు మధుమేహ రోగులలో అనేకులు బక్కవారు. 55 కిలోల మనిషికి షుగరు ఉన్నదని ఈ శస్త్రచికిత్స చేయుట శాస్త్రసమ్మతము కాదు. మొదటి రకము మధుమేహము దీనివలన పోదు. లేని నీరటికానికి కబురు పంపి లాభమేమి? రెండవ రకములో కూడ వ్యాధి వచ్చి అయిదేండ్లు దాటనివారికి, ఇన్సులిన్ సూదులు అవసరము లేనివారికి ఉపశమనము కలుగుట ఎక్కువ. పదునైదేండ్లుగా సూదులు వేసికొనుచున్నవారిలో క్లోమము చాలవరకు నశించియుండును. వారికి మందుల మోతాదు తగ్గవచ్చును గాని వ్యాధి విడుచుట అరుదు.

అపాయము కొలదియే గాని లేకపోలేదు. 2009లో అమెరికాలో ప్రకటింపబడిన పెద్ద పరిశోధనలో, చికిత్స జరిగిన 30 దినములలో మరణించినవారు వేయింట ముగ్గురు. కుట్లు లీకగుట, రక్తస్రావము, రక్తపుగడ్డలు ముఖ్యమైన ప్రమాదములు.

నల్లగొండ ఎముకలు, పాలమూరు వలసలు

ఇంతవరకు చెప్పినది ఎక్కడివారికైనను వర్తించును. మన జిల్లాలవారు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన సంగతులు కొన్ని కలవు.

కాల్షియమును, ఇనుమును ముఖ్యముగా పీల్చుకొనునది ఆంత్రమూలము, దానిని ఆనుకొనియున్న ప్రేగు. బైపాస్ దానినే తప్పించును. బి12 విటమిను పీల్చుకొనుటకు కావలసిన పదార్థము జీర్ణాశయములో పుట్టును. కావున ఈ చికిత్స పొందినవారు కాల్షియము, విటమిను డి, ఇనుము, బి12 మందులను బ్రతికినంతకాలము వాడవలెను. ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను. మానినచో రక్తహీనత, నరముల బలహీనత, ఎముకల క్షయము కలుగును.

నల్లగొండ జిల్లా ఎముకల విషయములో మొదటినుండి దురదృష్టము కలది. మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల బోరునీటిలోని ఫ్లోరైడు ఎన్ని వెన్నెముకలను వంచినదో లోకమెరుగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ఈ ఫ్లోరైడు ప్రాంతముల పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగు వ్యాధిని, ఎముకల క్షయమును వర్ణించిరి. ఫ్లోరైడునకు కాల్షియపు కొరత తోడైనచో హాని హెచ్చునని అప్పటినుండి తెలిసినదే. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము ద్వారా నదీజలములు గ్రామములకు వచ్చినవి. అయినను నలుబదేండ్లు బోరునీరు త్రాగినవాని ఎముకలలో చేరిన ఫ్లోరైడు ఒక్కనాట పోదు. అట్టివారు శస్త్రచికిత్సకు పోవునపుడు తమ ఊరి నీటి సంగతిని వైద్యునకు విధిగా చెప్పవలెను. ఫ్లోరైడు చేరిన ఎముక సాంద్రత పరీక్షలో గట్టిగా కనిపించి, నిజమునకు పెళుసుగా ఉండవచ్చును. అది తెలియని వైద్యుడు పరీక్షనుచూచి నిశ్చింతగా ఉండును.

పాలమూరునుండి బొంబాయి, పూనా నగరములకు కూలికి పోవు కుటుంబముల కష్టము వేరు. ఏటేట పరీక్షలు, ఎడతెగని మాత్రలు వలసబ్రతుకులో సాగుట కష్టము. అది సాగదని తోచినచో శస్త్రచికిత్సను వాయిదావేయుట మేలు.

కల్లు విషయము కూడ చెప్పవలెను. బైపాస్ తరువాత మాదకద్రవము రక్తములోనికి త్వరగా చేరి, మునుపటికంటె ఎక్కువ మత్తు కలిగించును. త్రాగుడునకు లోబడు ప్రమాదమును పెంచును. బెల్లము, తీపి పానీయములు త్రాగినచో చెమటలు, గుండెదడ, కళ్ళు తిరుగుట కలుగును. స్త్రీలు ఒక సంవత్సరము, సంవత్సరమున్నరవరకు గర్భము ధరింపకుండుట మంచిది.

కత్తి లేని దారి

శస్త్రచికిత్స నేర్పిన పాఠము కత్తి లేకయే కొంత ఫలించినది. బ్రిటనులో రాయ్ టేలర్ మొదలగువారు, వ్యాధి వచ్చి ఆరేండ్లు దాటనివారికి కొన్ని నెలలపాటు దినమునకు సుమారు 850 కేలరీల ఆహారము మాత్రమే ఇచ్చి చూచిరి. 2017లో వెలువడిన ఫలితములలో ఒక సంవత్సరమునకు నూటికి 46 మందికి ఉపశమనము కలిగినది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో నూటికి 86 మందికి కలిగినది. ఇట్టి కఠినాహారము వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే తగును. మందుల మోతాదు మార్చనిచో చక్కెర ప్రాణాపాయముగా పడిపోవచ్చును. జి.ఎల్.పి.-1 ను అనుకరించు సూదిమందులు కూడ వచ్చినవి. వానిలో టిర్జెపటైడ్ 2025లో మనదేశమున విక్రయమునకు వచ్చినది. ఇవి మానినపుడు బరువు సాధారణముగా తిరిగివచ్చును.

కావున హైదరాబాదు బండి ఎక్కుటకు ముందు రోగి తన వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు ఇవి. నాకున్నది ఏ రకము మధుమేహము? వచ్చి ఎన్నేండ్లైనది? నా క్లోమములో ఇంకను ఎంత శక్తి ఉన్నది? దీనిని సి-పెప్టైడ్ అను రక్తపరీక్ష తెలుపును. నా బి.ఎం.ఐ. ఎంత? మందులు, ఆహారనియమము సరిగా అనుసరించి చూచితినా? జీవితాంతము మాత్రలకు, పరీక్షలకు అగు వ్యయమును భరింపగలనా? జీవిత బీమావలె కాక ఆరోగ్యబీమా ఉన్నవారు మరియొక సంగతి తెలిసికొనవలెను. బీమా నియంత్రణ సంస్థ నియమముల ప్రకారము బి.ఎం.ఐ. 40 దాటినను, లేక 35 దాటి అదుపు తప్పిన రెండవ రకము మధుమేహమున్నను, వైద్యుని సలహాపై జరుగు ఈ చికిత్సను బరువు తగ్గించు ఖర్చు అని త్రోసిపుచ్చరాదు. పొలము అమ్మకమునకు ముందు ఆ కాగితములు చూచుకొనుట వివేకము.

ఈ ప్రశ్నలకు అనుకూలమైన సమాధానములు వచ్చిన స్థూలకాయునకు ఈ శస్త్రచికిత్స నిజముగా గొప్ప మేలు చేయును. అట్టివాడు భయపడి మానుకొనుట తగదు. ప్రతికూలమైన సమాధానములు వచ్చినవానికి అదే శస్త్రచికిత్స అప్పును, కొత్త రోగమును మిగుల్చును.